అడ్డకర్ర ముందు బెదురు కుక్క

కల్వకుర్తి అంగళ్ల వీథిలో నీడపట్టున పడుకొన్న ఊరకుక్కకు పదడుగుల దూరములో ఎవరైనా చెప్పు సవరించుకొనుటకు వంగితే ఏమి జరుగుతుందో మనమందరమూ ఎరుగుదుము. వంగిన మనిషి చేతిలో రాయి ఉండనక్కర లేదు. రాయి ఏరుకొనే ఉద్దేశమైనా ఉండనక్కర లేదు. కుక్క దిగ్గున లేచి, తోకను కాళ్ల నడుమ ముడుచుకొని, వెనుదిరిగి చూచుకొంటూ నాలుగు బారలు తప్పుకొంటుంది. ఒక్కొక్క కుక్క తప్పుకొనదు. పండ్లు చూపి మీదికి మొరుగుతుంది. మొదటిదానికి పిరికిదనీ, రెండవదానికి పొగరుదనీ మనము పేరు పెడతాము. జంతుశాస్త్రము మాత్రము ఈ రెంటిలోనూ ఎక్కువ భాగమునకు ఒకే కారణము చెబుతుంది. ఆ కారణము భయము.

ఈ సంగతిని కొలతలోనికి తెచ్చిన వారిలో ముఖ్యుడు హైనీ హెడిగర్. ఈయన స్విట్జర్లాండులో బెర్న్, బాసెల్, జ్యూరిక్ నగరముల జంతు ప్రదర్శనశాలలకు అధికారిగా ఉండినవాడు. ప్రతి మృగమునకూ ఒక ‘పలాయన దూరము’ ఉన్నదనీ, శత్రువు ఆ గీత దాటి లోపలికి వచ్చినప్పుడే మృగము పారిపోవుననీ ఆయన 1942లో ప్రచురించిన గ్రంథములో వివరించినాడు. పారిపోవుటకు త్రోవ లేక, శత్రువు ఇంకా దగ్గరకు వస్తే మరొక గీత వస్తుంది. దానిని ‘సంకట దూరము’ అనవచ్చును. ఆ గీత దాటినంతనే అంతవరకు పారిపోజూచిన జంతువే తిరగబడుతుంది. మెడకు గొలుసు వేసి పట్టుకొన్న కుక్కకు పారిపోయే త్రోవ ఎప్పుడూ మూసుకొనే ఉంటుందనే మాట ఇక్కడ గుర్తుంచుకోవాలి. వీథిలో ఎదురైన ప్రతి కుక్కమీదికీ, ప్రతి సైకిలుమీదికీ గొలుసు తెంచుకొన్నంత పని చేసే పెంపుడు కుక్కను చూచి ‘కరిచే కుక్క’ అంటాము; నిజానికి అది చాలాసార్లు సంకట దూరములో చిక్కుకొన్న బెదురు కుక్క. (విద్యార్థులు ఈ దూరములను వీథికుక్కలపై కొలిచి చూడరాదు. రేబిస్ వ్యాధి సోకిన పిమ్మట లక్షణములు కనబడితే దానికి చికిత్స లేదు.)

మన ఎర్రనేలల మెట్ట ప్రాంతములో కుక్క మనిషికి కొత్త చుట్టము కాదు. రాత్రి మందకు కాపలా ఉండే గొల్లకురుమల కుక్కలను రాళ్లగుట్టల నడుమ నేటికీ చూడవచ్చును. మనకు దక్షిణముగా ఉన్న అమ్రాబాదు పీఠభూమిలో 1940లో చెంచులతో ఉండి వారి జీవితమును అధ్యయనము చేసిన ఆస్ట్రియా మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ గ్రంథము 1943లో అచ్చయినది. ఆ చెంచులకు వేటలోనూ గుడిసెలోనూ కుక్క తోడు. ఇట్టి చోట్ల బెదిరే కుక్కను ఎవరూ పనిగట్టుకొని బాగుచేయలేదు. పనికిరానిది మందనుండి తప్పుకొంటుంది, మరొకటి వస్తుంది. బెదురు కుక్కను విడిచిపెట్టక, దానికి ఒక ఆట నేర్పి, పోటీకి కూడ తీసికొనిపోవడము మొన్న మొన్నటి మాట. ఆ కథకు మూలములు ఆటస్థలములో లేవు, ప్రయోగశాలలలో ఉన్నవి.

ముందు ఆ ఆట ఏమిటో చూద్దాము. 1978 ఫిబ్రవరిలో లండన్ నగరములో క్రఫ్ట్స్ అనే ప్రసిద్ధమైన కుక్కల ప్రదర్శన జరిగినది. రెండు పోటీల నడుమ ఖాళీ సమయములో ప్రేక్షకులకు ఏదైనా వినోదము ఏర్పాటు చేసే పని జాన్ వార్లీ అనే సభ్యునికి అప్పగించినారు. వార్లీ గుర్రముల పోటీలు ఎరిగినవాడు. గుర్రములు అడ్డములు దాటుతూ పరుగెత్తే పందెమువంటిది కుక్కలకు ఎందుకు పెట్టరాదని ఆయనకు తోచినది. పీటర్ మీన్‌వెల్ అనే శిక్షకుడు అడ్డములు రూపొందించినాడు. నాలుగేసి కుక్కల జట్లు రెండు పరుగెత్తినవి. జనము ఈలలు వేసి ఆనందించినారు. ఒకనాటి కాలక్షేపమునకని పుట్టిన ఈ ఆటకు 1980లో అక్కడి కెన్నెల్ క్లబ్బు నిబంధనలు వ్రాసినది. 1986లో అమెరికాలో ఒక సంఘము ఏర్పడినది, 1996లో స్విట్జర్లాండులో ప్రపంచ పోటీ జరిగినది. దీనిని అజిలిటీ అంటారు. మనము ‘చురుకు పందెము’ అందాము.

బరిలో దాటవలసిన అడ్డకర్రలు, దూరవలసిన గుడ్డగొట్టములు, ఇంటికప్పువలె నిలిపిన వాలు పలకలు, ఎత్తైన ఇరుకు వంతెన, వరుసగా పాతిన పన్నెండు కర్రలు, తూగుడు బల్ల ఉంటవి. కర్రల నడుమ 60 సెంటీమీటర్ల ఎడము. కుక్క పాము నడకలో వంకరలు తిరుగుతూ వాటి గుండా పోవాలి. యజమాని పక్కన పరుగెత్తుతూ మాటతో, చేతి సైగతో త్రోవ చూపుతాడు. కుక్కను తాకరాదు. చేతిలో తిండి గాని ఆటవస్తువు గాని ఉండరాదు. కర్ర పడిపోతే 5 తప్పులు, అడ్డము దగ్గర ఆగిపోతే 5 తప్పులు. మూడు మారులు ఆగితే పోటీ నుండి తొలగింపు. మనిషిమీదికి గాని మరొక కుక్కమీదికి గాని లంఘిస్తే బయటికి పంపివేస్తారు. చుట్టూ లౌడ్ స్పీకరు, చప్పట్లు, గుడారముల రెపరెపలు, వందలాది కొత్త కుక్కల మొరుగుడు. బరిలోపల ఎరుగని మనిషి ఒకడు, అనగా న్యాయనిర్ణేత, కుక్కను తేరి చూస్తూ తిరుగుతుంటాడు. బెదురుగొడ్డును జాతరకు తోలుకొనిపోయినట్లే ఉన్నది కదా! అయినప్పటికీ అట్టి కుక్కలతో ఈ ఆటలో దిగేవారు చాలామంది ఉన్నారు. వారిది వట్టి మొండితనమో కాదో తేల్చుటకు భయమును గురించి శాస్త్రము నూరేళ్లలో నేర్చినదేమిటో తెలియాలి. ఆ పాఠములలో ఎక్కువ భాగము కుక్కల బాధలోనుండి వచ్చినవే.

ఇవాన్ పావ్లోవ్ పేరు వినని ఉపాధ్యాయుడు ఉండడు. జీర్ణక్రియపై పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి పొందిన ఈ రష్యన్ శాస్త్రజ్ఞుని లాలాజల ప్రయోగములు, నిబంధిత ప్రతీకార చర్య, పాఠ్యపుస్తకములలో ఉన్నవే కాబట్టి వాటిని విడిచిపెడదాము. పాఠ్యపుస్తకములు సాధారణముగా చెప్పని రెండు సంగతులు మనకు కావాలి.

మొదటిది 1914 నాటిది. పావ్లోవ్ ప్రయోగశాలలో షెంగర్-క్రెస్టోవ్నికోవా అనే పరిశోధకురాలు ఒక కుక్కకు తెరమీద వృత్తము చూపి తిండి పెట్టేది. దీర్ఘవృత్తము చూపితే ఏమీ పెట్టేది కాదు. కొద్ది రోజులలో కుక్కకు తేడా తెలిసినది. వృత్తము కనబడితే నోరూరుతుంది, దీర్ఘవృత్తము కనబడితే ఊరదు. అప్పుడు ఆమె దీర్ఘవృత్తమును మెల్లమెల్లగా వృత్తమునకు దగ్గరగా మార్చుతూ వచ్చినది. మొదట దాని రెండు అక్షముల నిష్పత్తి 2:1. చివరకు 9:8 వరకు వచ్చినది. ఇక్కడ కుక్క తడబడినది. మూడు వారములు ప్రయత్నించినా తేడా పట్టుకోలేకపోవడమే కాదు, మునుపు వచ్చిన సులభమైన తేడాలు కూడ మరచిపోయినది. అంతవరకు నెమ్మదిగా నిలబడే కుక్క కేకలు పెట్టి, పెనుగులాడి, ఒంటికి తగిలించిన పరికరములను కొరికివేసినది.

దానిని ఎవరూ కొట్టలేదు, విద్యుత్తు తగిలించలేదు. జవాబు చెప్పలేని ప్రశ్న అడిగినారు, అంతే. ఉపాధ్యాయులకు దీనిని ఇంతకన్న విడమరచి చెప్పనక్కర లేదనుకొంటాను. చురుకు పందెములో యజమాని చేయి ఒకవైపు, భుజము ఇంకొకవైపు చూపినప్పుడు బెదురు కుక్క హఠాత్తుగా నిలిచి మొరగడమో, నేల వాసన చూడడమో, ఆయన చుట్టూ గిరగిర తిరగడమో చేస్తుంది. చూచేవారు ‘మాట వినడము లేదు’ అంటారు. దాని ముందు తొమ్మిదికి ఎనిమిది దీర్ఘవృత్తము నిలిచి ఉన్నది.

రెండవది 1924 సెప్టెంబరు 23న వచ్చిన వరద. నీవా నది పొంగి లెనిన్‌గ్రాడ్ నగరము మునిగినది. కుక్కల గదులలోనికి నీళ్లు వచ్చి, పావ్లోవ్ సహాయకులు వెళ్లేసరికి అవి తల మాత్రము పైకెత్తి ఈదుతున్నవి. వాటిని ఈదించుకొంటూ తెచ్చి రక్షించినారు. కొన్ని కుక్కలు మామూలుగానే ఉన్నవి. కొన్నింటికి అంతకుముందు నేర్చినదంతా చెరిగిపోయినట్లయినది. వారాల తరబడి ఓపికతో నేర్పిన పిమ్మట అట్టి ఒక కుక్క తేరుకొన్నది. అప్పుడు స్పెరాన్‌స్కీ మొదలైన సహాయకులు దాని గది తలుపు కిందినుండి సన్నని నీటిధారను లోపలికి పారించినారు. ఆ కొద్దిపాటి నీటిని చూచి కుక్క గజగజలాడినది, నేర్చినది మళ్లీ చెదరిపోయినది.

ఈ రెండు సంగతులనుండి పావ్లోవ్ గ్రహించినదేమంటే, అన్ని కుక్కల నాడీమండలములూ ఒకే గట్టితనము గలవి కావు. ఆయన వాటిని నాలుగు రకములుగా విభజించి, ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ నాటి పేర్లే పెట్టినాడు. ఆ విభజన ఇప్పుడు ఎవరూ వాడరు. తేరుకొన్న భయము తుడిచిపెట్టుకొనిపోదు, లోపల అణగి ఉంటుంది అన్న పాఠము మాత్రము నిలిచినది.

మరి ఈ బలహీనత పుట్టుకతో వచ్చినదా, పెంపకములో వచ్చినదా? ఈ ప్రశ్నకు అమెరికాలో మేన్ రాష్ట్రమునందలి బార్ హార్బర్ ప్రయోగశాలలో చాలా ఏండ్లు శ్రమించినారు. 1961లో ఫ్రీడ్మన్, కింగ్, ఇలియట్ అనే ముగ్గురు ప్రచురించిన ప్రయోగము సులభమైనది. ఎత్తైన కంచె వేసిన పొలములో కుక్కపిల్లలను తల్లితోనే ఉంచి, మనుషుల కంటికి కనబడకుండ పెంచినారు. కొన్నింటిని రెండవ వారములో, కొన్నింటిని మూడు, అయిదు, ఏడు, తొమ్మిదవ వారములలో ఒక్కొక్క వారము పాటు మనుషులతో ఆడనిచ్చినారు. కొన్నింటికి పదునాలుగవ వారము వరకు మనిషి పరిచయము లేదు. ఆ చివరి పిల్లలు అడవి జంతువులవలె అయినవి. తరువాత ఎంత బుజ్జగించినా మనిషిని నమ్మలేదు. అదే ప్రయోగశాలకు చెందిన స్కాట్, ఫుల్లర్ తమ 1965 నాటి గ్రంథములో, మూడవ వారము మొదలు పన్నెండవ వారము వరకు కుక్కపిల్లకు లోకముతో పరిచయము కలిగే కిటికీ తెరచి ఉంటుందని స్థిరపరచినారు. తూము కింద పుట్టిన మన ఊరకుక్క పిల్లకు ఆ తొమ్మిది వారములలో పరిచయమయ్యేవి లారీ చక్రములు, పిల్లలు విసరే రాళ్లు, ఎప్పుడైనా ఒక రొట్టెముక్క.

అయితే కిటికీ ఒక్కటే కారణము కాదు. 1960 తరువాత అర్కాన్సా రాష్ట్రములో మర్ఫ్రీ, డైక్‌మన్ మొదలైనవారు పాయింటర్ జాతి వేటకుక్కలలో రెండు వంశములను వేరుగా పెంచినారు. ఒకటి మామూలు వంశము. రెండవదానిలోని కుక్కలు మనిషి దగ్గరకు రాగానే కొయ్యబారి, కదలక మెదలక నిలిచిపోయేవి. భయశీలము తరతరములకు దిగివచ్చినది. కాబట్టి బెదురు కుక్క యజమానిని ‘నీవు సరిగా పెంచలేదు’ అని తప్పుపట్టే పొరుగువారు సగమే ఎరిగినవారు. ఈ కథలో నాకు మిక్కిలి ఆసక్తి కలిగించేది మరొకటి. 1974లో మక్‌బ్రైడ్, మర్ఫ్రీ ఆ బెదురు వంశపు కుక్కలను పొలమునకు తీసికొనిపోయి, పక్షుల వేట నేర్పినారు. ప్రయోగశాలలో మనిషిని చూచి కొయ్యబారే కుక్కలు పొలములో తమ జాతికి సహజమైన పనిలో పడి కదిలినవి, పనికివచ్చినవి. వంశము మారలేదు. పని దొరికినది. బెదురు కుక్కను ఆటలో దింపే ఆలోచనకు దీనికన్న దగ్గరి శాస్త్రీయ నిదర్శనము నాకు కనబడలేదు.

ఇక భయమునకు చికిత్స సంగతి. పూర్వపు పద్ధతి మనకు తెలిసినదే. జర్మనీ పోలీసు శిక్షకుడు కొన్రాడ్ మోస్ట్ 1910లో వ్రాసిన పుస్తకము చాలాకాలము శిక్షకులకు ప్రమాణముగా ఉండినది. అందులో గొలుసు గుంజుడు, మెడపట్టె బిగింపు ముఖ్యమైన సాధనములు. ధైర్యము గల కుక్క ఈ గుంజుడుకు తట్టుకొంటుంది. బెదురు కుక్కకు మాత్రము మరొక కుక్కను చూచినప్పుడెల్ల మెడ బిగిస్తే, ఆ కుక్కతోబాటే నొప్పి వస్తుందని తెలుస్తుంది. పావ్లోవ్ గంట ఇక్కడా మ్రోగుతుంది. గుర్రుమనడమును దండించి మాన్పితే, మాన్పినది భయమును కాదు, భయము తెలిపే గుర్తును. తరువాత ఆ కుక్క చెప్పకుండ కరుస్తుంది.

రెండవ త్రోవను చూపినది ఒక పసివాని కథ. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు, కుందేలును చూచి భయపడే పీటర్ అనే మూడేండ్ల లోపు బాలునికి చికిత్స చేసినది. బాలుడు కూర్చొని ఇష్టమైన తిండి తింటుండగా గదికి దూరపు మూలలో పంజరములో కుందేలును ఉంచేవారు. తినడము మానివేయనంత దూరములోనే ఉంచడము ఇందులోని కీలకము. రోజు రోజుకు పంజరము కొంచెము ముందుకు వచ్చినది. తుదకు బాలుడు కుందేలును నిమిరినాడు. దక్షిణాఫ్రికాలో జోసెఫ్ వోల్పె భయపెట్టిన పిల్లులకు ఈ మార్గములోనే తిండి పెట్టినాడు. ముందు భయపడిన గదికి పోలిక లేని గదిలో, తరువాత కొంచెము పోలిక ఉన్న గదిలో, అట్లా మెట్టు మెట్టుగా. 1958లో ఆయన గ్రంథము వచ్చిన పిమ్మట మనుషుల భయములకు కూడ ఇది అంగీకృత చికిత్స అయినది.

ఇప్పుడు అడ్డకర్ర వద్దకు వద్దాము. కుక్క, అడ్డము, దూకుడు — ఈ మూడూ చురుకు పందెమునకు పాతికేండ్లు ముందే ప్రయోగశాలలో కలిసినవి. 1953లో హార్వర్డ్ విశ్వవిద్యాలయములో సాలమన్, వైన్ నడుమ అడ్డు ఉన్న పెట్టెలో కుక్కను నిలిపినారు. దీపము ఆరిన పది సెకనులకు కాళ్ల కింద విద్యుత్తు తగులుతుంది; అడ్డు దూకి అవతలి భాగములోనికి పోతే తగలదు. కుక్కలు త్వరలోనే నేర్చుకొన్నవి. విద్యుత్తు పూర్తిగా ఆపివేసిన పిమ్మట కూడ దీపము ఆరగానే వందల మారులు దూకుతూనే ఉన్నవి. భయము ఎంత గట్టి ఉపాధ్యాయుడో, ఎంత మతిలేని ఉపాధ్యాయుడో ఈ ప్రయోగము చూపినది.

1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో సెలిగ్మన్, మైయర్ చేసిన ప్రయోగము ఇంకను ప్రసిద్ధమైనది. ముందుగా కట్టివేసిన కుక్కలకు విద్యుత్తు తగిలించినారు. ఒక జట్టు కుక్కలు తలతో పలకను నొక్కి దానిని ఆపగలవు. వాటికి జతగా ఉన్న రెండవ జట్టుకు అంతే విద్యుత్తు, అంతే సేపు. కాని పలక నొక్కినా ఆగదు. మరునాడు అన్నింటినీ అడ్డు ఉన్న పెట్టెలో ఉంచినారు. పలక నొక్కగలిగిన కుక్కలు సులభముగా దూకినవి. రెండవ జట్టులో ఎక్కువ కుక్కలు దూకలేదు. మూలుగుతూ పడుకొని బాధను సహించినవి. దీనికి ‘నేర్చిన నిస్సహాయత’ అని పేరు పెట్టినారు. మరుసటి ఏడు వాటిని గొలుసుతో అడ్డుమీదుగా ఇటూ అటూ ఎన్నో మారులు లాగిన పిమ్మట గాని అవి తమంతట దూకలేదు.

ఈ ప్రయోగములు నేడు ఎవరైనా చేయదలచితే అనుమతి దొరకడము కష్టము. మన దేశములో 1960 నాటి జంతుహింస నివారణ చట్టమే ప్రయోగములపై పర్యవేక్షణకు ఏర్పాటు చేసినది. ఈ కథకు 2016లో ఒక ఆశ్చర్యకరమైన ముగింపు వచ్చినది. ఆ ఇరువురు శాస్త్రజ్ఞులే, ఏబది ఏండ్ల పిమ్మట మెదడు పరిశోధనలను సమీక్షించి, తమ మొదటి భావము తలక్రిందులని వ్రాసినారు. ఎడతెగని బాధలో చతికిలబడడము మెదడునకు పుట్టుకతో ఉన్న స్పందన. అది నేర్చినది కాదు. ‘నా చేష్టవల్ల ఫలితము మారుతున్నది’ అనే సంగతినే మెదడు నేర్చుకొంటుంది. నేర్చినప్పుడు మెదడు ముందుభాగము ఆ స్పందనను అణచివేస్తుంది. ఇన్ని దశాబ్దములు మనము నిస్సహాయతను పాఠమనుకొన్నాము. పాఠము అధికారమన్నమాట.

చురుకు పందెపు అడ్డకర్రకూ పెన్సిల్వేనియా పెట్టెలోని అడ్డుకూ చూపునకు పెద్ద తేడా లేదు. తేడా అంతా కుక్కకు ‘నేను దూకను’ అనే స్వేచ్ఛ ఉన్నదా లేదా అనుటలో ఉన్నది. మంచి శిక్షకుడు బెదురు కుక్కకు మొదట కర్రను నేలమీద పెడతాడు. కుక్క తనంతట దాని మీదుగా నడిస్తే తిండి. నడవకుంటే ఏమీ లేదు, కోపమూ లేదు. కర్ర వేలెడు లేస్తుంది. కుక్క చేసిన పనికి లోకము ప్రతిసారీ ఒకే జవాబు చెబుతుంది. వీథిలో దానికి దొరకనిది ఇదే.

తూగుడు బల్లను ఉదాహరణగా తీసికొంటే ఈ విద్య బాగా అర్థమవుతుంది. మూడున్నర మీటర్లకు మించిన పొడవుగల పలక. నడుమ ఆధారబిందువు సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. ఒక కొన నేలమీద ఉన్నప్పుడు రెండవ కొన అంతకు రెట్టింపు, అనగా సుమారు 120 సెంటీమీటర్ల ఎత్తున ఉండునని తులాదండము చదివిన విద్యార్థి వెంటనే చెప్పగలడు. కుక్క కింది కొననుండి ఎక్కి నడుమ దాటగానే దాని బరువుయొక్క భ్రామకము రెండవ వైపు తిరుగుతుంది. కాళ్ల కింద నేల కదలిపోయి, పలక దిగి, ‘ధన్’మని నేలను తాకుతుంది. తేలిక కుక్క పాపము ఇంకా చివరకు నడవాలి. బరువు తక్కువ కాబట్టి దూరము ఎక్కువ కావాలి. బెదురు కుక్కకు ఇందులో రెండు భయములు కలసి ఉన్నవి: కదలిక, చప్పుడు. తెలివిగల శిక్షకుడు వీటిని విడదీస్తాడు. ముందు పలకను కుక్క చేతనే పాదముతో కొట్టించి చప్పుడు చేయిస్తాడు. చప్పుడుకు కారణము తానే అయినప్పుడు కుక్క తక్కువ బెదురుతుంది. కదలికను వేరుగా, కొన కింద మెత్తని దిండు పెట్టి, అంగుళము మాత్రము దిగేటట్లు నేర్పుతాడు. తరువాత దిండు పలుచనవుతుంది. రెండూ కలిపే రోజు చివరన వస్తుంది. ఇది అక్షరాలా మేరీ జోన్స్ పంజరమే. కొందరు కుక్కను పట్టుకొని బల్లమీద నడిపిస్తారు. అది గొలుసుతో లాగడమే, ఫలితమూ అట్లే ఉంటుంది.

బరి బయటి భయమునకు, అనగా ఇతర కుక్కలకు, 2007లో లెస్లీ మక్‌డెవిట్ అనే అమెరికన్ శిక్షకురాలు వ్రాసిన పుస్తకములో ఒక ఉపాయము ప్రసిద్ధి పొందినది. పలాయన దూరమునకు వెలుపల నిలిచి, కుక్క మరొక కుక్కవైపు చూచినంతనే ఒక గుర్తు శబ్దము చేసి తిండి పెడతారు. చూడవద్దని గుంజరు. చూచినందుకే బహుమానము. కొన్నాళ్లకు కుక్క ఎదుటి కుక్కను చూచి, వెంటనే తిరిగి యజమాని ముఖము చూస్తుంది. భయపెట్టే వస్తువే తిండి గంట అయినది. దూరము తగ్గించే నిర్ణయము మాత్రము కుక్కది.

ఇంత చేసినా పోటీలో మిగిలేది మనిషి. 2006లో టెక్సాస్ విశ్వవిద్యాలయమునకు చెందిన జోన్స్, జోసెఫ్స్ చురుకు పందెములోనే పురుష యజమానుల, వారి కుక్కల లాలాజలమును పరీక్షించినారు. ఓడిన వారిలో పోటీకి ముందు టెస్టోస్టిరాన్ హెచ్చుగా ఉన్నవారి కుక్కలలో కార్టిసాల్, అనగా ఆందోళనలో అధివృక్క గ్రంథి స్రవించే హార్మోను, ఎక్కువగా పెరిగినది. ఓటమి పిమ్మట వారు కుక్కతో మెలగిన తీరునకూ ఈ పెరుగుదలకూ సంబంధము కనబడినది. 2019లో స్వీడనులోని లింకోపింగ్ విశ్వవిద్యాలయమువారు 58 కుక్కల వెంట్రుకలను, వాటి యజమానుల వెంట్రుకలను పరీక్షించినారు. వెంట్రుకలో నెలల తరబడి కార్టిసాల్ నిలువ ఉంటుంది. యజమానికి ఎక్కువ ఉంటే కుక్కకూ ఎక్కువ ఉన్నది. ఈ పోలిక పోటీలకు పోయే కుక్కలలో మరింత గట్టిగా ఉన్నది. ఇది సహసంబంధమే కాని కారణము కాదని విద్యార్థులు గమనించాలి. అయినను పతకము కోసము పండ్లు కొరుకుతూ బరిలోనికి పోయేవాడు తన కుక్కను ధైర్యముగా ఉండమనుట ఎట్లా?

మన రాష్ట్రములో కుక్కల శిక్షణ అనగానే హైదరాబాదు దగ్గర మొయినాబాదులోని పోలీసు శిక్షణాలయము గుర్తుకు వస్తుంది. అక్కడ అనేక రాష్ట్రముల పోలీసు కుక్కలు, వాటి జతగాండ్రు కలసి తరిఫీదు పొందుతారు. అడ్డములు దూకడము అందులో భాగమే. అయితే ప్రేలుడు పదార్థముల వాసన పట్టే పనికి మొదటనే ధైర్యముగల పిల్లను ఎన్నుకోవాలి. ఆ పని అట్టిది. బెదురు కుక్క కథ సాధారణ గృహస్థులదే, వీథిదే.

ఆ వీథి కుక్కల గురించి మన దేశములోనే మంచి పరిశోధన జరిగినది. కలకత్తా దగ్గరి ఐసర్ సంస్థలో అనిందితా భద్ర, ఆమె విద్యార్థులు ఊరకుక్కలను చాలా ఏండ్లుగా పరిశీలిస్తున్నారు. తెలియని మనిషి పదేపదే వచ్చినప్పుడు ఊరకుక్క నమ్మకము సంపాదించుటకు తిండికన్న నిమిరడము ఎక్కువ పనిచేసినదని 2017లో వారు చూపినారు. 2020లో ప్రచురించిన మరొక పరిశీలనలో 160 కుక్కలకు రెండు గిన్నెలలో ఒకదానిని వ్రేలితో చూపినారు. దాదాపు సగము కుక్కలు ఆందోళనతో దగ్గరకే రాలేదు. దగ్గరకు వచ్చినవాటిలో నూటికి 80 చూపిన గిన్నె వద్దకే పోయినవి. ఎవరూ శిక్షణ ఇయ్యని కుక్కలివి. రాని సగమునకు ఆ తెలివి లేదని ఈ అంకెలు చెప్పవు. భయము అడ్డు నిలిచినప్పుడు తెలివిని కొలిచే అవకాశమే రాదు. తరగతిలో వెనుక బల్లమీద నోరు విప్పని పిల్లవానికి మార్కులు వేసేటప్పుడు నాకు ఈ సగము గుర్తుకు వస్తుంది.

బ్రిటనులో చురుకు పందెముల నిర్వాహకులు ఒక వెసులుబాటు కల్పించినారు. ‘పోటీకి కాదు’ అని ముందే చెప్పి బరిలో దిగవచ్చును. అప్పుడు చేతిలో ఆటవస్తువు ఉండవచ్చును. కాలము లెక్కించరు, తప్పులు వ్రాయరు, బహుమతి లేదు. మిగతావన్నీ అసలైనవే: జనము, చప్పట్లు, న్యాయనిర్ణేత. ఇరవై అడ్డములలో మూడు మాత్రము దాటి, కుక్క చెవులు వెనుకకు వాలకముందే, బొమ్మ ఇచ్చి, ద్వారము వైపు కలసి పరుగెత్తి బయటికి వచ్చే యజమానులు అక్కడ కనబడతారు. మరుసటి నెల నాలుగు దాటుతారు. ఒక్కొక్కప్పుడు మళ్లీ రెండే.